బూజుకర్ర పట్టిన ఆ వానాకాలం

చూరు కింద దాక్కునే అల్పజీవికి కూడా ఏ పూటకు ఆ పూట ఆహారం సిద్ధం చేసే దేవునికి స్తోత్రం. మేము తెలివి తక్కువగా చెరిపిన దాన్ని మాకు తెలియకుండానే సరిచేసే ఆయన ఓర్పుకు స్తోత్రం. ఇప్పుడు నాకు చూపు మందగించింది, మోకాళ్లూ వంగడం లేదు. అయినా ఈ ఒక్క సంగతి చెప్పకుండా పోకూడదనిపిస్తుంది.

అది బస్తర్ సంస్థానం రోజుల మాట. మరైగూడకు అవతల, అడవి అంచున ఉన్న ఒక పల్లెలో మా ఆయన పిల్లలకు అక్షరాలు నేర్పేవారు, ఆదివారం ప్రార్థన నడిపించేవారు. మట్టిగోడలు, గడ్డికప్పు ఉన్న మా ఇంటి ముందుగదే ప్రార్థన గది. తొమ్మిది కుటుంబాలు వచ్చేవి. అందరికీ కలిపి ఉన్నది ఒక్కటే బైబిలు గ్రంథం, పెద్ద అక్షరాలది. దాన్ని చెక్కపెట్టెలో పెట్టి, పెట్టెను గోడ పక్కన పీట మీద ఉంచేవాళ్లం. చదవడం వచ్చినవాళ్లం మేమిద్దరమే. మిగతావాళ్లు విని గుర్తుపెట్టుకునేవాళ్లు.

ఆ గోడల మీద సాలీళ్లు ఉండేవి. అరచేయంత వెడల్పు, ఎండుటాకు రంగు, గోడకు పలకలా అతుక్కుని కాళ్లు చాపుకునేవి. గూడు అల్లేవి కావు. ప్రార్థన మధ్యలో ఒకటి పరుగు తీసిందంటే కళ్లు మూసుకున్న ఆడవాళ్లు కూడా కళ్లు తెరిచేవాళ్లు. నేను పెరిగిన మిషను బడిలో శనివారమంటే బూజు దులిపే రోజు. ప్రార్థన గదిలో ఒక్క బూజు పోగు కనబడినా ఆ రోజు మాకు అన్నం ఆలస్యంగా పెట్టేవారు. సాలెగూడు నిలవని ఆశకు గుర్తని కూడా మాకు నేర్పారు. అలా మురికీ, పాపమూ, సాలీడూ నా బుర్రలో ఒకటే అయిపోయాయి.

వానలకు ముందు నది అవతలి నుంచి పెద్దయ్య ఒకరు సంఘాన్ని చూడడానికి వస్తారని కబురు వచ్చింది. రెండు రోజులు బూజుకర్ర దించలేదు. వేపాకు పొగ పెట్టాను. చూరులోంచి దిగిన వాటిని దిగినట్టే కొట్టాను. కొన్నింటి పొట్ట కింద తెల్లని గుడ్ల బిళ్లలు ఉన్నాయి. వాటినీ కాలితో నలిపాను.

పక్క ఇంటి అవ్వ వచ్చి గుమ్మం దగ్గర కూర్చుంది. ఆమె మా సంఘం మనిషి కాదు. ఇంట్లో వాళ్ల దోర్లి భాష మాట్లాడేది, నాతో తెలుగు.

"ఏంది బిడ్డా, పొద్దుగాల నుంచి గోడలను కొడుతున్నవ్?"

"సాలీళ్లు అవ్వా. ఆదివారం పెద్దయ్య వస్తున్నారు."

"పెద్దయ్యకు సాలీడంటే భయమా ఏంది?"

"దేవుని గదిలో ఇవి ఉండకూడదు."

"అన్నీ ఆయనే చేసిండని మొన్న నువ్వే అంటివి. ఆయన చేసింది ఆయనింట్ల ఉండొద్దా?"

నవ్వుతూనే చెప్పింది. వాకిట్లో బొక్కలో నల్లగా, బొచ్చుతో ఉండేదాని జోలికి మాత్రం పోవద్దని, అందులో చెయ్యి పెట్టొద్దని చెప్పింది. మూలల్లో సన్నకాళ్లతో ఊగేది ఎవరినీ ఏమీ చెయ్యదంది. గోడ మీద పలకలా ఉండేది బొద్దింకలను తిని ఇంటికి కావలి కాస్తుందంది. నేను వినలేదు. నమ్మకం లేని మనిషి నాకేం నేర్పుతుంది అనుకున్నాను.

పెద్దయ్య రానే లేదు. నది పొంగింది. పడవ ఆగిపోయింది.

వాన ముసురు పట్టిన మూడో ఆదివారం మా ఆయన పెట్టె తెరిచి గ్రంథం తీయబోయారు. అట్ట చేతికి ఊడి వచ్చింది. మొదటి ఎనిమిది ఆకులు, చివరి ఆకులు కొన్ని జల్లెడలా ఉన్నాయి. పెట్టె అడుగున బొద్దింకలు గుంపుగా కదిలాయి.

"గ్రంథం వీపుకు ఏం పెట్టి అంటించినవ్?" అని అడిగారాయన.

ఎండాకాలంలో విడిపోయిన అట్టను నేనే అంటించాను. గంజితో. ఒకపక్క ఆ గంజితో బొద్దింకలకు తిండి పెట్టాను, మరోపక్క వాటిని తినే సాలీళ్లను చంపాను. ఆయన పెట్టెలో రాలిన కాగితపు ముక్కలను ఏరుతూ కూర్చున్నారు. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

నది తగ్గేదాకా ఇంకో ప్రతి రాదు. కనీసం మూడు నెలలు. పెట్టెలో వేపాకు వేశాను, గుడ్డ చుట్టాను, రోజుకు నాలుగుసార్లు తెరిచి దులిపాను. తెల్లారితే ఇంకో అంచు పోయేది. తొమ్మిది కుటుంబాలు నమ్ముకున్న మాట నా ఇంట్లో, నా చేతులతోనే, ఆకు ఆకుగా పోతోంది. ప్రార్థించడానికి కూర్చుంటే నిద్ర వచ్చేది. అలసట కూడా పాపమేనేమో అని భయపడేదాన్ని.

చివరికి అవ్వ ఇంటికి వెళ్లాను. ఆమె గోడల మీద పదో పన్నెండో సాలీళ్లు కనబడ్డాయి. బొద్దింక ఒక్కటి లేదు.

"కొన్ని కావాలవ్వా" అన్నాను.

"చంపినప్పుడు నన్ను అడిగినవా?" అంది. అంటూనే లేచింది.

ఎండిన సొరకాయ బుర్రను రెండుగా కోసిన చిప్ప ఒకటి తీసుకుంది. గోడ మీది సాలీడు మీద నెమ్మదిగా బోర్లించి, కింద నుంచి విస్తరాకు జరిపింది. ఒక్క కాలు కూడా విరగలేదు. "ఉరికించొద్దు. నీ నీడ దాని మీద పడనీయకు" అంది. రెండోది నన్ను పట్టమంది. చిప్ప నా చేతిలోంచి జారింది. సాలీడు నా మణికట్టు మీదుగా పాకి గోడ ఎక్కింది. ఏమీ చెయ్యలేదు. నాలుగోసారికి పట్టగలిగాను.

ఆరింటిని తెచ్చాం. ఒకదాని పొట్ట కింద తెల్లని బిళ్ల ఉంది.

"ఇది పిల్లల తల్లి. దీన్ని పెట్టె దగ్గర వదులు" అంది అవ్వ.

అది పెట్టె వెనక్కి వెళ్లి కూర్చుంది. కొన్నాళ్లకు గోడంతా నువ్వులు చల్లినట్టు చిన్న సాలీళ్లు పాకాయి. నాకు ఒళ్లు జలదరించింది. అయినా చీపురు ముట్టలేదు. ఆ ఆదివారం సంఘంలోని ముసలి తాత గోడ వైపు చూసి, "ఏందమ్మా పంతులమ్మా, మనం చెప్తే ఎవరూ రాకపాయె, వీళ్లు ఇంతమంది ఎట్లొచ్చిన్రు?" అన్నాడు. మా ఆయన చాలా రోజుల తర్వాత నవ్వారు.

బొద్దింకలు పూర్తిగా పోలేదు గానీ పలచబడ్డాయి. పెట్టె అడుగున వాటి రెక్కలు, కాళ్లు దొరికేవి. గ్రంథానికి కొత్త నష్టం ఆగింది.

పోయిన ఆకులు మాత్రం పోయాయి. మొదటివి నాకు కంఠస్థం, బడిలో నేర్పించారు. వాటిని నేను చూడకుండా చెప్తే మా ఆయన తర్వాతి నుంచి చదివేవారు. చివరివి సగమే వచ్చు. దేవుడు అందరి కన్నీళ్లు తుడిచే చోటు వరకు చెప్పాను. ఆ తర్వాతి మాటలు గుర్తుకు రాలేదు. గదిలో అందరూ ఎదురుచూస్తున్నారు. నా తప్పు వాళ్లకు తెలుసు.

"గుర్తొచ్చిన కాడికి చెప్పు బిడ్డా" అన్నాడు తాత. "మిగిలింది మేం నమ్ముకుంటం."

చలికాలంలో కొత్త ప్రతి వచ్చింది. అది చేతికి రాగానే ఆ చివరి పుటలు తెరిచి తాతకు చదివి వినిపించాను. "నేననుకున్నట్టే ఉంది" అన్నాడు.

అవ్వకు మాత్రం ఆ మాటలు ఎప్పుడూ చదివి వినిపించలేదు. రేపు, మాపు అనుకుంటూ ఉండగానే ఆమె కన్నుమూసింది. ఈ వయసులో నన్ను కుంగదీసేది అదే.

చదువుతున్న మీరు ఒక్క నిమిషం నాతో పాటు తల వంచండి. నాతో కలిసి ఇలా అడగండి: ప్రభువా, శుభ్రత పేరుతో మేము చంపినవాటి విషయంలో మమ్మల్ని క్షమించు. మాకు మంచి చెప్పిన నోటిని చిన్నచూపు చూశాం, అందుకూ క్షమించు. ఆ అవ్వను నీ దగ్గర ఉంచుకో. మాకు గుర్తులేని మాటలను మా బదులు నువ్వే గుర్తుంచుకో. ఆమేన్.