రాణిగారి పతకం, చింతపండు

మా పక్కింటి ఆంటీ పోయారని మంగళవారం పొద్దున అంకుల్ ఫెన్స్ అవతల నుంచే చెప్పారు. "ఇందాకే హాస్పిటల్ నుంచి కాల్ వచ్చిందమ్మా. ఇక లేదు." నేను ఖాళీ చెత్త బిన్ లోపలికి లాక్కొస్తున్నాను. "అలాగా అంకుల్" అన్నాను. బిన్ గోడవారగా పెట్టి, మూత సరిగ్గా పడిందో లేదో చూసుకున్నాను. ఏడుపు రాలేదు. ఇప్పటికీ రాలేదు.

సిడ్నీలో ఈ స్కోఫీల్డ్స్ చుట్టుపక్కల ఉండే మీలో చాలామందికి ఆవిడ తెలుసు. ఇండియా నుంచి వచ్చిన మీ అమ్మానాన్నలకి ఒంట్లో బాగోకపోతే ఆసుపత్రికి తోడెళ్లింది ఆవిడే. పెద్దవాళ్ల మాట డాక్టరుకి ఇంగ్లిష్‌లో, డాక్టరు మాట పెద్దవాళ్లకి తెలుగులో చెప్పేవారు. బ్యాగులో ఎప్పుడూ పెరుగన్నం డబ్బా, రెండు చెంచాలు ఉండేవి. "వాళ్లు చెప్పిందే చెప్పాలే అమ్మాయ్, మనం ఊహించుకున్నది కాదు" అనేవారు. నా కాన్పుకీ నా పక్కన ఉన్నది ఆవిడే.

బ్రిటిష్ రాణిగారు గద్దెనెక్కి డెబ్బై ఏళ్లయిన సందర్భంగా మా ప్రాంతంలో ఇలా సేవ చేసినవాళ్లకి స్మారక పతకాలిచ్చారు. ఆంటీకీ ఒకటి వచ్చింది. బంగారు పూత, మధ్యలో రాణిగారి ముఖం. అంకుల్ అద్దాల బీరువాలో పెడదామన్నారు. ఆంటీ వింటేగా! దేవుడి గూట్లో లక్ష్మీదేవి పక్కన పెట్టి, ప్రతి శుక్రవారం బొట్టు పెట్టేవారు.

ఆ ఏడు వరలక్ష్మీ వ్రతానికి ముందురోజు, అంకుల్ ఊళ్లో లేరని సాయానికి వెళ్లాను. కుందులు, గంట, పళ్లెం అన్నీ చింతపండు పట్టించి తోమాను. పళ్లెంలో ఉన్న పతకాన్నీ తోమేశాను. కడిగి చూస్తే పూత లేదు, రాణిగారి ముక్కు దగ్గర బూడిదరంగు తేలింది. ఆంటీ దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. "డెబ్బై ఏళ్లు మెరిసింది మహాతల్లి, ఇంక చాల్లే" అని తుడిచి, ఎప్పటిలాగే బొట్టు పెట్టారు.

అంకుల్‌కి మాత్రం తానే తోమానని చెప్పారు. ఆయన వచ్చినవాళ్లందరి ముందూ ఆటపట్టించేవారు, "క్వీన్‌నే తోమేసింది మా ఆవిడ!" అని. నేను పక్కనే కూర్చుని కాఫీ తాగేదాన్ని. రేపు చెబుదాంలే అనుకునేదాన్ని. అంత్యక్రియల దగ్గర కూడా ఆయన ఆ మాటే చెప్పారు. అందరూ కళ్లు తుడుచుకుంటూ నవ్వారు. నేనూ నవ్వాను. అందుకు సిగ్గుగా ఉంది.

పదమూడో రోజు భోజనాలయ్యాక అంకుల్ ఆ పతకం తెచ్చి నా చేతిలో పెట్టారు. "నీకివ్వమందమ్మా."

"అంకుల్, దాన్ని తోమింది నేను."

"తెలుసమ్మా. చింతపండు తగిలితే ఆవిడ చేతులు పగిలేవి. మా ఇంట్లో ఇత్తడి తోమేది నేనే కదా."

"మరి అందరికీ అలా చెప్పారేంటి?"

"ఆవిడ చెప్పిందే చెప్పాను."

పతకం మా వంటగట్టు మీద ఉంది. అరిగిన రాణిగారి నుదుట, ఆసుపత్రికి వెళ్లేముందు శుక్రవారం ఆంటీ పెట్టిన బొట్టు ఎండిపోయి ఉంది. రోజూ గట్టు తుడిచేటప్పుడు దాని చుట్టూ తుడుస్తున్నాను.