బూరెబుగ్గ

ఆఫీసు వీడియో మీటింగుల్లో నా ముఖం తెరంతా నిండిపోతోందని ఒకడు నవ్వాడు. దాంతో 'బన్ను మేడమ్' అని పేరు పెట్టేశారు. వాళ్ల నోట్లో మన్ను పడ! ఆ మాట మింగలేక, కోకాపేటలో ఒక అద్దాల క్లినిక్కుకి వెళ్లి, నోటి లోపల నుంచి రెండు బుగ్గల్లోని కొవ్వూ తీయించుకున్నాను. ఇంట్లో మాత్రం జ్ఞానదంతాలు తీయించుకున్నానని చెప్పాను. జ్ఞానం పోయిన మాట నిజమే.

దవడల చుట్టూ పట్టీతో, వాచిన ముఖంతో మూసాపేటలో మా ఇంటికి వచ్చేసరికి, నాలుగేళ్ల మా అమ్మాయి కెవ్వుమంది. నా బుగ్గ గుప్పిట్లో పట్టుకుంటే తప్ప దానికి నిద్ర రాదు. 'బూరెబుగ్గ' అంటుంది. ఎవరినీ ముట్టుకోనివ్వద్దని డాక్టరు చెప్పడంతో దాన్ని మా అత్తగారి పక్కన పడుకోబెట్టాం.

"అమ్మకి పళ్ల నొప్పి బంగారం. పన్ను మళ్లీ వస్తుందిగా, అప్పుడు వెళ్దువుగాని" అనేవారావిడ. గోడకి ఇవతల నేను చల్లారిన జావ తాగుతూ, ఏడిస్తే కుట్లు లాగుతాయని ఏడుపు బిగబట్టుకునేదాన్ని.

వాపును చూసి బలుపనుకోవద్దంటారు. నాకు వాపుతో పాటు బలుపూ పోయింది. లిఫ్టులో పక్క ఫ్లాటావిడ నన్ను ఎగాదిగా చూసింది.

"ఏందక్కా, మొఖం గిట్ల పీక్కపోయింది? షుగర్ గిట వచ్చిందా ఏంది? జర దవాఖానల సూపించుకో."

ఇక ఆఫీసులో బన్నని నవ్వినవాడు, "మేడమ్, మీ కెమెరా బాలేదు, ముఖం నీడగా వస్తోంది" అన్నాడు. చెంప పగలగొట్టాలనిపించింది.

లోకం ఏమంటే నాకేం, నా పిల్ల నా పక్కకి వస్తే చాలనుకున్నాను. డాక్టరు ఇక ఫరవాలేదన్న రోజు మధ్యాహ్నం దాన్ని పక్కలో వేసుకున్నాను. కళ్లు మూతలు పడుతుంటే చెయ్యి అలవాటుగా నా చెంప మీదికి వచ్చింది. వెతికింది. గుప్పిట్లోకి ఏమీ రాలేదు. కళ్లు తెరిచి నా ముఖం చూసింది.

"బూరెబుగ్గ ఏదీ?"

"ఇదేగా తల్లీ."

"ఇది కాదు. పళ్ల డాక్టరు తీసేశాడా? పన్నులాగా మళ్లీ వస్తుందా?"

తీసిన కొవ్వు మళ్లీ రాదని క్లినిక్కులో గొప్పగా చెప్పారు. ఆ మాటకే నేను మురిసిపోయాను.

"రాదమ్మా" అన్నాను.

అది లేచి, తన దిండు చంకలో పెట్టుకుని, నానమ్మ గదిలోకి వెళ్లిపోయింది.