పిన్ని భోజనం వేళకు నా ఇంగ్లీషు

మా పక్క క్వార్టర్ పిన్ని పోయిన వారం చనిపోయారు. మా ప్లాంటు టౌన్‌షిప్ సెక్టర్ ఆరులో చాలామందికి ఆవిడ బడిలో ఇంగ్లీషు చెప్పిన టీచరమ్మ. నాకు గోడ అవతలి పిన్ని. కబురు వినగానే నాకు ఏడుపు రాలేదు. ఇక నా ఇంగ్లీషు గతేమిటి అనుకున్నాను. ఛీ, ఏం మనిషిని నేను అనిపించింది వెంటనే.

మా తెలుగు చర్చిలో ఎవరైనా పోతే ఆదరణ కూడికలో వాళ్ల జీవిత విశేషాలు చదవడం ఆనవాయితీ. ఇంటివాళ్లు తెలుగులో రాసిస్తారు. బయటి ఊళ్ల నుంచి వచ్చే మనవలకు ఆ తెలుగు అంతుపట్టదు కనుక ఇంగ్లీషులో పెట్టే పని నాది. వాక్యం వంకరపోయినప్పుడల్లా కాగితం పట్టుకుని పిన్ని ఇంటికి పరుగు. నాకు తీరిక దొరికేది మధ్యాహ్నం భోజనాల వేళే.

పిన్ని కాగితం చూసేవారు కాదు. "అది పక్కన పెట్టీ. పోయినాయన ఏటి చేసీవోరో నాకు చెప్పు" అనేవారు. ఒకసారి ఒక తాతగారి కాగితంలో "సంస్థ అభ్యున్నతికై అహర్నిశలు శ్రమించిరి" అన్న ముక్కతో నానా తిప్పలూ పడ్డాను.

"ఇందులో మనిషి కనబడట్లేదే. ప్లాంటుకి ఎలాగెల్లీవోరు?" అన్నారు పిన్ని.

"సైకిల్ మీద. వానొచ్చినా నైట్ షిఫ్ట్ మానలేదట."

"మరదే రాయి. మనవలకి తాత కనబడాల."

మొన్న ఆవిడ గురించిన కాగితమే నా చేతికొచ్చింది. "అందరినీ కడుపులో పెట్టుకుని చూసుకున్నారు" అని ఉంది. ఇంగ్లీషులో ఎలా రాసినా నవ్వులాటలా ఉంది. పిన్ని నన్ను అడిగినట్టే నేను వాళ్ల కోడల్ని అడిగాను, అత్తమ్మ ఏం చేసేవారని.

ఆమె నా వైపు చూడకుండా చెప్పింది. "ఏటనుకోకండి అక్కా. మీరొస్తే కంచం మీద మూత పెట్టీసీవోరు. సుగరు మనిషి, టైముకి తినాల. మీరెల్లాక తినమంటే, చల్లారిపోనాది, వద్దులే అనీవోరు. మీకు చెప్పనివ్వలేదు."

ఆ మూత నేను చూశాను. బల్ల మీద, నా కాగితం పక్కనే ఉండేది. తిన్నారా పిన్నీ అని ఒక్కసారైనా నోరు తెరిచి అడగలేదు. వాక్యం కుదిరితే చాలు, చెప్పులేసుకుని వచ్చేసేదాన్ని. జబ్బు నా వల్లే ముదిరిందని అనను. కానీ ముద్ద కలుపుకున్న మనిషి చేతిని ఆపింది నేనే. సిగ్గుగా ఉంది.

ఆదివారం కూడికలో ఇంగ్లీషులో అదే చదివాను. ఎవరైనా సాయం కోసం వస్తే ఆకలితో ఉండి కూడా ఆవిడ తన అన్నం పక్కన పెట్టేవారని, వచ్చినవాళ్లలో ఒకరు తిన్నారా అని అడగనైనా అడగలేదని.

దిగి వస్తుంటే ముందు బెంచీలో ఉన్న పిన్ని మనవరాలు, పుణెలో చదువుకుంటున్న పిల్ల, నన్ను ఆపింది. "వో ఆప్ హీ థీ నా, ఆంటీ?" అని మెల్లగా అడిగింది, అది మీరే కదా అని.

అవునన్నాను. తలెత్తలేకపోయాను. ఆ పిల్ల బెంచీ మీదున్న తన సంచీ తీసి కింద పెట్టి, కాస్త జరిగి, నాకు చోటిచ్చింది.