టీచరుగారి వసారాలో నూనె

మా పక్కింటి డ్రిల్లు టీచరుగారు పోయారని నిన్న పొద్దున్నే వాళ్లాయన గోడ అవతల నుంచి చెప్పారు. బౌలింగ్ గురించి ఆవిడతో తేలని వాదన ఒకటి మిగిలిపోయింది. ఇక ఎవరితో తేల్చుకోను?

బౌలింగ్ అంటే క్రికెట్ కాదు. నున్నటి చెక్కబాట మీద బరువైన బంతిని దొర్లించి, చివరనున్న పది పిన్నుల్ని పడగొట్టే ఆట. హైదరాబాదు షాపింగ్ మాళ్లలో ఉంటుంది. డబ్బున్నవాళ్ల కాలక్షేపమని పత్రికల్లో తిట్టిపోశాను. ఏలూరు మిషన్ స్కూల్లో పిల్లల చేత కవాతు చేయించే మనిషికి యాభై దాటాక ఆ పిచ్చేమిటి? పిల్లల్ని విహారయాత్రకి తీసుకెళ్లినప్పుడు ఒకసారి ఆడి చూసి, ఇక వదల్లేకపోయారు. వీలైనప్పుడల్లా రైలెక్కేవారు. ఇంటి దగ్గర వసారాలో ఎర్రసిమెంటు గచ్చు మీద నూనె రాసి సాధన.

"ఏవండోయ్ టీచరుగారూ, కూరలోకి కాస్త మిగల్చండి," అనేవారు వాళ్లాయన.

"ముందు మీరు జారిపడకుండా వంటింట్లోకి వెళ్లండి, తర్వాత కూర సంగతి."

నూనె ఎందుకంటే, ఆ చెక్కబాటకీ పూస్తారు. కంటికి ఆనదు. ఉన్నచోట బంతి జారిపోతుంది, లేనిచోట వంపు తిరుగుతుంది. ఆవిడ పుట్టింది కొల్లేటి లంకలో. "దోనె తోసేటప్పుడు నాచు ఎక్కడుందో కనపడుతుందా అండీ? గెడ వేస్తే తెలుస్తుంది. ఇదీ అంతే," అనేవారు.

ఒక్కసారైనా రాష్ట్ర జట్టులో చోటు దక్కాలని ఆవిడ కోరిక. ఎంపిక పోటీకి నన్నూ లాక్కెళ్లారు. "బయట నుంచి తిట్టడమెందుకండీ, లోపలికొచ్చి తిట్టండి."

మొదటి ఆట ఘోరంగా పోయింది. మామూలు రోజుల్లో నడుమ దట్టంగా, అంచుల్లో పల్చగా పూసే నూనెని పోటీ కోసం అంతటా సమానంగా పూశారట. మోసమని నిర్వాహకుల మీద విరుచుకుపడ్డాను.

"మోసం రోజూ ఉండే నూనెదండీ," అన్నారావిడ. "నేను తప్పు వేసినా బంతిని తెచ్చి మధ్యలో పెట్టేది. నేనేదో బాగా ఆడుతున్నాననుకున్నా."

సమానత్వం కోసం జీవితమంతా అరిచినవాణ్ని నేను. అంతటా సమానమైతే న్యాయమేగా? మరి, ఎప్పుడో ఓసారి రైలెక్కి వచ్చే మనిషికి ఆ కాస్త ఆసరా కూడా ఉండకూడదా? ఇప్పటికీ నాకు తెగలేదు.

ఆవిడ నూనె మీద కాస్త పట్టు దొరికే, మెరుపు తగ్గిన బంతి తీసుకున్నారు. వేగం తగ్గించి, వంపు మీద ఆశ మానుకుని తిన్నగా వేశారు. పిన్నులు పడ్డాయి. అందరి బంతులూ దొర్లి నూనె ఆరేసరికి బంతి ముందే వంపు తిరగడం మొదలెట్టింది. ఆవిడ ఎడమకి జరిగారు.

"జరక్కండి! ఇప్పుడేగా కుదిరింది!" అని అరిచాను.

"నూనె నిలబడలేదు కదండీ," అంటూ ఇంకాస్త జరిగారు.

ఆఖరి బంతికి ఒక పిన్ను ఊగి ఊగి నిలబడిపోయింది. చోటు దక్కలేదు.

తిరుగు రైల్లో దాని మీదే వాదించుకుంటూ ఏలూరు దాటిపోయి తాడేపల్లిగూడెంలో దిగాం. ప్లాట్‌ఫారం మీద అడిగారు: "నిలబడ్డచోటే ఉంటే పడేదంటారా?"

"కచ్చితంగా పడేది."

"నాకేమో, జరిగింది చాలలేదనిపిస్తోందండీ."

నిన్న చూడ్డానికి వచ్చినవాళ్లకి వాళ్లాయన "జాగ్రత్తండీ, జారుతుంది," అని చెబుతూనే ఉన్నారు. వసారాలో నూనెని ఎవరు తుడవబోయినా తుడవనివ్వలేదు. గచ్చు మీద ఆవిడ పాదం పెట్టే చోట సుద్దగీతలు, ఒకదాని పక్కన ఒకటి, ఎడమకి ఎడమకి జరుగుతూ వెళ్లాయి. చివరిది గోడని ఆనుకుని ఉంది. ఆ గోడకి ఇవతల మా ఇల్లు.