మా గిల్టు గాజులు మోసిన చెయ్యి

మా అత్తయ్యగారు పోయారని మొన్న పొద్దున్నే కబురొచ్చింది. చుట్టరికమేమీ లేదు. ఆవిడ నేను పనిచేసే కంపెనీ యజమాని భార్య. ఆయన్ని మావయ్యగారు అంటాం కాబట్టి ఆవిడ అత్తయ్యగారు. కొంతకాలంగా మంచంలోనే ఉన్నారు, తెలిసిన సంగతే.

బందరులో మాది గిల్టు నగల కంపెనీ. కంపెనీ అంటే పెద్దగా ఊహించుకోకండి. ముందుగదిలో కొట్టు, వెనక పెంకుటింట్లో పూత తొట్లు, ఆ పక్కనే వాళ్ల కాపురం. ఈ సముద్రపు గాలికి పూత నిలవదు, నెల తిరక్కుండా నల్లబడుతుంది. నల్లబడని పూత మా గదిలోనే కనిపెట్టాలని మావయ్యగారి పట్టుదల. బొంబాయి నుంచి ఒక కంపెనీవాళ్లొచ్చి, పూత మందు మేమిస్తాం, లాభం చెరిసగం అన్నారు. ఈయన మర్యాదగా కాఫీ ఇచ్చి పంపేశారు.

"మనకి తెలియనిదాన్ని మన పేరుతో ఎలా అమ్ముతామయ్యా?" అన్నారు మాతో.

బాగానే ఉంది. మరి పరీక్ష ఎవరు చెయ్యాలి? అత్తయ్యగారే. కొత్త పూత దిగిన ప్రతి గాజూ ముందు ఆవిడ చేతికెక్కేది. బూడిదతో గిన్నెలు తోమడం, బోరింగు ఉప్పునీళ్లతో బట్టలుతకడం, బొమ్మిడాయిల పులుసుకి చింతపండు పిసకడం, అన్నీ ఆ గాజులతోనే. పనిమనిషిని పెట్టుకునే స్తోమత ఉండీ పెట్టుకోలేదు. పెట్టుకుంటే పరీక్ష చెడుతుందట. మధ్యాహ్నం మాకు మజ్జిగ తెచ్చి, చెయ్యి చాపి ఆయనకి చెప్పేవారు.

"ఇదీ పోయిందండీ. చూడండి, చేతికి పచ్చగా దిగింది. దురద కూడాను."

మావయ్యగారు కళ్లజోడు పైకి నెట్టి గాజుని తిప్పి తిప్పి చూసేవారు. ఆ మణికట్టు మీద చర్మం పొలుసులు లేచి మొద్దుబారింది. నాకు ఒళ్లు మండేది. ఒకసారి ఉండబట్టలేక, "కొన్నాళ్లు మానెయ్యకూడదాండీ?" అన్నాను.

"నేను మానేస్తే మీ మావయ్యగారు ఎవరి చెయ్యి పట్టుకుంటారు అబ్బాయ్?" అని నవ్వేశారు.

గుడివాడలో ఆవిడ తమ్ముడి కూతురి పెళ్లికీ అవే గాజులు. మరదళ్లందరి చేతులకీ మేలిమి బంగారం. వడ్డన మధ్యలో చెమటకి గాజులు నల్లబడితే, ఆ చెయ్యి కొంగు కింద దాచుకుని ఎడంచేత్తో వడ్డించారట. తిరిగొచ్చి ఆ సంగతి నవ్వుతూనే మొదలుపెట్టి, చెబుతూ చెబుతూ ఏడ్చేశారు. మావయ్యగారు లేచి వెళ్లి తొట్టిలో మందు పారబోసి, మళ్లీ కొత్తగా కలపడం మొదలుపెట్టారు.

చివరికి పూత కుదిరింది. మోపిదేవి తిరనాళ్లలో ఆడవాళ్లు మా గాజులే అడిగి కొంటున్నారు. మా ఇళ్లలో పొయ్యి వెలుగుతోందంటే ఆ చేతి చలవే. ఇకనైనా ఆవిడకి తెరిపి దొరుకుతుందనుకున్నాను. రంగు ఇంకాస్త ఎర్రగా రావాలన్నారు మావయ్యగారు.

ఇవాళ కంపెనీ మూసే ఉంటుందనుకుంటూ వెళ్లాను. వెనక గదిలో మావయ్యగారు ఒక్కరే కూర్చుని ఉన్నారు. చేతిలో కొత్త గాజు. ఆవిడ మంచాన పడ్డాక తొట్టిలోంచి తీసింది, ఇంకా ఎవరూ తొడగలేదు.

"ఎవరికిద్దామయ్యా?" అన్నారు.

మా ఇంటిదానికి ఇవ్వండి అని నోటిదాకా వచ్చింది. మింగేశాను. ఆయన వేళ్లు దగ్గరికి ముడిచి, గాజుని తన చేతికే ఎక్కించబోయారు. కణుపుల దగ్గర ఆగిపోయింది. లోపలికీ పోదు, బయటికీ రాదు. అలాగే కూర్చున్నారు.