గడ్డి తీసేసిన ఎండాకాలం

నా చిన్నప్పుడు, ఒక ఎండాకాలం, మా ఇంటి ముందున్న పచ్చగడ్డినంతా అమ్మ తీయించేసింది. కెనడా అంటే మంచు తప్ప ఏమీ ఉండదనుకునేవాళ్లు కామ్లూప్స్‌లో జూలై చూసి ఉండరు. వాన జాడ ఉండదు. చుట్టూ బూడిదరంగు కొండలు, వాటి మీద సేజ్ పొదలు, బిరుసు గడ్డి. తోటలకు రోజు విడిచి రోజే నీళ్లు పెట్టాలని రూలు. నాన్న ట్రక్కు తీసుకుని వారాల తరబడి రోడ్ల మీదే ఉండేవాడు. అమ్మ వృద్ధుల హోమ్‌లో డ్యూటీ చేసి, కాళ్లీడ్చుకుంటూ ఇల్లు చేరేది. ఆ పైన గడ్డిని బతికించడం ఆమె వల్ల కాలేదు.

మన పిల్లలు చదువుల కోసం తండోపతండాలుగా కెనడా వస్తున్న రోజులవి. మా బేస్‌మెంట్‌లో అనంతపురం వైపు నుంచి వచ్చిన ఒక అక్క అద్దెకుండేది. పగలు కాలేజీ, సాయంత్రం నుంచి గ్యాస్ స్టేషన్‌లో పని. ఎప్పుడు చూసినా కళ్ల కింద నలుపే. అయినా నోరు తెరిచి ఏదీ అడిగేది కాదు. "ఆ పిల్ల గట్టిది, మనకే ఇబ్బందీ పెట్టదు" అని అమ్మ ఫోన్‌లో నాన్నకు మెచ్చుకోలుగా చెప్పేది. వాకిట్లో ఎదురుపడినప్పుడల్లా "తిన్నావా అమ్మా?" అని పలకరించేది. "తిన్నా ఆంటీ" అనేది అక్క. ఆ తర్వాత ఎవరి దారిన వాళ్లు వెళ్లిపోయేవారు.

గడ్డి స్థానంలో ఏ మొక్కలు వేయాలో చెప్పింది పక్కింటి మామ్మ. ఆవిడ పుట్టింది ఫిజీలో. చెరుకు తోటల్లో పనికని అక్కడికి వెళ్లిన పెద్దల దగ్గర నేర్చుకున్న పాతకాలపు తెలుగు మాట్లాడేది. నర్సరీకి వెళ్లే ముందు మమ్మల్ని కొండ దగ్గరికి తీసుకెళ్లింది. "పువ్వు చూసి కొనొద్దు అమ్మాయ్. ఇక్కడ ఎవరూ నీళ్లు పొయ్యరు. ఏది బతికుందో అది చూడు" అంది. అలా సేజ్, యారో, గైలార్డియా పూల మొక్కలు కొన్నాం. ఎండకు కాలిపోయే గోడ పక్కకు మందపాటి ఆకుల సీడమ్, చూరు నీళ్లు పడే మూలకు పళ్లు కాసే సస్కటూన్ పొద. అక్క తన సెలవు రోజున వచ్చి మాతో పాటు గుంతలు తవ్వింది. "మా ఊర్లో కూడా ఇంతే ఆంటీ, యాడ తవ్వినా రాళ్లే" అని నవ్వింది. ఆమె నవ్వగా చూడడం నాకదే మొదలు.

కొద్దిరోజులకే మొక్కలు తలలు వాల్చేశాయి. అమ్మ నీరుగారిపోయింది.

"నీళ్లు పెద్దగా అక్కర్లేదన్నారుగా మామ్మగారూ! అయినా నేను ఒక్కసారి కూడా మానకుండా, మన వంతు వచ్చినప్పుడల్లా పైపుతో చల్లుతూనే ఉన్నా."

మామ్మ మొక్కల దగ్గరికి వచ్చి వంగి చూసింది. నన్ను పిలిచి ఒక మొక్క మొదట్లో వేలు గుచ్చమంది. గోరు మునిగేదాకా తడి. ఆ కింద అంతా పొడి దుమ్ము.

"ఎలా ఉంది?"

"డ్రై," అన్నాను.

"పైన తడిసింది కదా అనుకుంది మీ అమ్మ. వేరు ఉండేది కింద. నిలబడి చల్లితే అక్కడికి పోదు. కూర్చో, సన్నగా వదులు, దిగేదాకా ఉండు. మొదటి ఏడు ఎంత మొండి మొక్కకైనా నీళ్లు కావాలి అమ్మాయ్. వేరు దిగినాక దాని బతుకు అది బతుకుతుంది."

అమ్మ మెట్ల మీద కూలబడి, పైపును ఒక మొక్క మొదట్లో సన్నగా వదిలింది. అప్పుడే అక్క పనికి బయల్దేరి వచ్చింది.

"తిన్నావా అమ్మా?"

"తిన్నా ఆంటీ."

అమ్మ ఈసారి ఆమె చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. "ఏం తిన్నావు?"

అక్క తల దించుకుని పైపు నీళ్ల వైపు చూసింది. అమ్మ మళ్లీ అడగలేదు, ఆ చెయ్యి వదలనూ లేదు. నీళ్లు మట్టిలోకి దిగేసరికి అక్క చెప్పేసింది. "నిన్నట్నుంచి ఏం తినలేదాంటీ. వండుకోడానికి చాతకావట్లేదు. ఇంట్లో చెప్తే భయపడ్తారు. అన్నీ వదిలేసి వెళ్లిపోదామనిపిస్తాంది." అంటూనే అమ్మ భుజం మీదికి ఒరిగిపోయింది.

ఆ రోజు అమ్మ ఆమెను పనికి వెళ్లనివ్వలేదు. ఒంట్లో బాగాలేదని ఫోన్ చేయించి, వేడన్నంలో పప్పు కలిపి, నెయ్యి వేసి పెట్టింది. అక్క తిని మా సోఫాలోనే నిద్రపోయింది. కంచం తీద్దామని లేవబోయిన అమ్మ కూడా కుర్చీలోనే కునికిపాట్లు పడింది. ఇద్దరూ ఒకేలా అలిసిపోయి ఉన్నారు. నేను చప్పుడు చేయకుండా బయటికి వెళ్లి కుళాయి కట్టేసి వచ్చాను.

ఆ తర్వాత అక్క పని నుంచి వచ్చేసరికి మా వంటింట్లో ఆమె కంచం మూతపెట్టి ఉండేది. అమ్మకు ఓపిక లేని రోజు అక్కే వండేది. గైలార్డియాలు కొన్ని పోయాయి, మిగతావి నిలదొక్కుకున్నాయి. చదువు పూర్తయ్యాక అక్కకు కాల్గరీలో ఉద్యోగం దొరికింది. వెళ్లేరోజు అమ్మ ఏడ్చింది.

నాకిప్పుడు మనవలున్నారు. పొద్దుగూకేసరికి ఎవరితోనూ మాట్లాడే శక్తి ఉండదు. అయినా ఎవరినైనా "బాగున్నావా" అని అడిగితే, "బాగున్నా" అన్న మాట విని వెంటనే లేచిపోలేను. ఇంకాసేపు వాళ్ల పక్కనే కూర్చుంటాను.