ఆనందయ్యకు నచ్చని జీపు

ముందు వినిపించింది బల్లి అరుపు. చ్చ్. చ్చ్. ప్రొద్దుటూరులో మైదుకూరు రోడ్డు పక్కన పాత బండ్లు అమ్మే రేకుల షెడ్డు అది. తలెత్తి దూలాల వైపు చూశాను. బల్లి లేదు. రేకుల చిల్లుల్లోంచి ఎండ సన్నటి దారాలుగా దిగుతోంది. మళ్లీ చ్చ్. ఈసారి అది నేల మీదుగా, ఆకుపచ్చ జీపు కింద నుంచి వచ్చింది. ఆ వెనకే రెండు పాదాలు, ఖాకీ ప్యాంటు, తిరగేసి తొడుక్కున్న తెల్ల చొక్కా, చివరికి ఏదీ నచ్చని ఒక ముఖం బయటికి జరిగాయి.

ఆనందయ్య.

చొక్కా తిరగేసుకోవడం ఆయన పద్ధతి. మట్టి లోపలి వైపు అంటుతుంది. పని కాగానే సరిగ్గా తొడుక్కుంటే బస్సులో పక్కవాడికి తెలుపు ఒక్కటే కనిపిస్తుంది. జమ్మలమడుగు ఆయన ఊరు. తండ్రి పాస్టరు గారి జీపు నడిపేవాడు. ఆనందయ్య ముప్పై ఏళ్లు బస్సు డిపోలో మెకానిక్కు. రిటైరయ్యాక, పాత జీపు కొనేవాళ్లు ముందు ఆయన్ని వెంటబెట్టుకుపోయి చూపించడం అలవాటైంది. ఇంతవరకు ఎన్ని చూశావంటే లెక్క లేదంటాడు. ఎన్ని బాగున్నాయంటే వేళ్లు మడవడం మొదలుపెట్టి మూడో వేలు దగ్గర అనుమానంలో పడతాడు. “పెండ్లిచూపులకొచ్చి నన్ను చూసి గూడా చ్చ్ అన్నాడు” అని ఆయన భార్య సుందరమ్మ ఇప్పటికీ చెప్పి నవ్వుతుంది.

ఆ రోజు ఆయన్ని పిలిపించింది దీప్తి. మా వీధి అమ్మాయి, ఇరవై ఏడేళ్లు. నన్ను తోడు రమ్మంది. ప్రైవేటు బడిలో లెక్కలు చెప్పే ఉద్యోగం మానేసింది. గండికోట చూడ్డానికి వచ్చేవాళ్లను జీపులో ఎక్కించుకుని, రాళ్ల దారుల్లో లోయ అంచుదాకా తిప్పాలన్నది ఆమె ఆలోచన. జీపు నడపడం నేర్చుకుంది. దాచుకున్నది ఒక్క జీపుకే సరిపోతుంది. అది మొరాయిస్తే రెండోది లేదు, వదిలేసిన బడి మళ్లీ పిలవదు. ఇంట్లో అందరూ ఎప్పుడు ఓడిపోతుందా అని ఓపిగ్గా కాచుకుని ఉన్నారు.

బేరానికి పెద్దదిక్కుగా పులివెందుల నుంచి మేనమామ ఆదినారాయణ వచ్చాడు. నలభై ఎకరాల చీనీ తోట, అంటే బత్తాయిలు, నలగని చొక్కా, ఏ సంగతి మీదైనా ముందే సిద్ధంగా ఉన్న అభిప్రాయం. వచ్చీ రాగానే జీపు ముందు సీటును గుడి గడపను తాకినట్టు తాకాడు.

“పెద్దాయన తిరిగిన జీపు పాపా ఇది. ఆయప్ప ఈడ కూర్చుంటే ఎనక పదిమంది నిలబడేటోళ్లు. చూసినోళ్లు దారిడిసి పక్కకు పోయేటోళ్లు.”

“పదిమంది నిలబడితే ఛాసిస్ కుంగుతాది” అన్నాడు ఆనందయ్య, చేతులు తుడుచుకుంటూ. “ఇంగేమీ కాదు.”

మా వైపు జీపు కొనేవాళ్లు ఇంజిన్ సంగతి అడిగే ముందు ఒకటి అడుగుతారు: దీంట్లో ఎవరు తిరిగారు? ఆ పేరు ఎంత భయపెడితే బండికి అంత ధర. ఇనుముకు వంశం వెతికే ఈ తెలివి ఇంకెక్కడా ఉండదేమో. షెడ్డు యజమాని నరేష్ ఆ తెలివిని పాడి ఆవులా పోషించుకుంటున్నాడు. అతని షెడ్డులో అమ్మకానికున్న నాలుగు జీపుల్లోనూ పెద్దాయనలే తిరిగారు. పేడ ఎరువు మోసిన జీపు ఒక్కటి కూడా లేదు.

ఆనందయ్య బానెట్ మీద అరచెయ్యి పెట్టాడు, జ్వరం చూసినట్టు.

“పొద్దన్నే ఇంజిన్ వేడిగా కాంచి పెట్టినావా?”

“మీరొస్తారని షెడ్డులోంచి ముందుకు తెచ్చినా మామా, అంతే” అన్నాడు నరేష్.

“నాలుగడుగులు తెచ్చేదానికి ఇంత కాలిందా? యాడ తిప్పి తెచ్చినావప్పా, కడప మీదుగానా? మూడు గంటలు చల్లారనీ. ఆమైన చూస్తా.”

వేడెక్కిన ఇంజిన్ అందరితోనూ మంచిగా మాట్లాడుతుందని, చల్లటిదే నిజం చెబుతుందని ఆయన లెక్క. వెళ్లి గోడ నీడలో కూర్చున్నాడు. నరేష్ టీ తెప్పించాడు. ఆదినారాయణ జుర్రుతూ తాగాడు. ఆనందయ్య తన డబ్బా తెరిచి జొన్నరొట్టె, ఊరుబిండి పచ్చడి తీశాడు. సీసాలో తన నీళ్లు. నరేష్ ముఖం ముడుచుకుంది. ఇచ్చిన టీ వద్దనడం మా దగ్గర తిట్టుతో సమానం.

“ఎవరి టీ తాగితే వాళ్ల బండి అందంగా కనపడతాది” అన్నాడాయన గట్టిగానే. తర్వాత నా వైపు వంగి, మెల్లగా, “మా నాయినకు ఇట్లాంటోళ్ల కాడ గ్లాసు వేరేగా ఉండేది, చూర్లో చెక్కి. నాకు మంచి గ్లాసే ఇస్తాండారు. తాగబుద్ధి కాదు” అన్నాడు.

మూడు గంటలు గడిచాయి. నీడ ఆయన కాళ్ల మీదుగా జరిగి జరిగి గోడలోకి వెళ్లిపోయింది. మళ్లీ బానెట్ మీద చెయ్యి. తల ఊపాడు. దీప్తి ఎక్కి తాళం తిప్పింది. ఇంజిన్ మొదటి పిలుపుకే లేచింది. తెల్లవారుజామున ఎవరో మజ్జిగ చిలుకుతున్నట్టు, గుండ్రటి, తడి గొంతు. పొగ లేదు. ఆయన ఆయిల్ మూత తీసి అరచెయ్యి అడ్డం పెట్టాడు. అరిగిన ఇంజిన్‌లా ఆవిరి తన్నలేదు. దీప్తి ముఖంలో గండికోట లోయ మీద పొద్దు పొడిచినంత వెలుగు.

“చూసినావా మామా!” అన్నాడు నరేష్.

“ఇంజిన్ యాడిదో తెచ్చి పెట్టుంటావులే” అన్నాడు ఆనందయ్య. “పాపా, దిగు. ఈ పానా పట్టుకో. కిందికి రా.”

ఆమె చున్నీ నడుముకు బిగించి ఆయన వెనకే జీపు కిందికి దూరింది. మేము వంగి చూస్తున్నాం. ఆయన వేలితో చూపించిన చోటల్లా ఆమె పానాతో బండిని మోసే ఛాసిస్ కమ్మీ మీద కొడుతోంది. టంగ్. టంగ్. టంగ్. ముందు నుంచి వెనక్కి జరుగుతూ, డ్రైవర్ సీటు దాటాక, దబ్.

ఆమె ఆగింది. మళ్లీ కొట్టింది. దబ్.

“ఏముంది ఆడ?” అన్నాడాయన.

“మెత్తగా ఉంది.”

“గీకు.”

కొత్త నల్లరంగు పెచ్చులుగా రాలింది. దాని కింద లప్పం. లప్పం కింద, ఈ అంచు నుంచి ఆ అంచుకు, కుట్టిన గాయంలా వెల్డింగ్ గీత. అవతలి వైపు కమ్మీ మీద కూడా అదే చోట అదే గీత.

“రెండు జీపులు” అంది దీప్తి.

“ముందు సగమే మీ పెద్దాయనది, ఆదినారాయణప్పా” అన్నాడు ఆనందయ్య, కింద నుంచే. “ఎనక సగం ఏ కోళ్లఫారందో. పదిమందీ నిలబడింది కోళ్ల మీద.”

నరేష్ ఎర్రబడ్డాడు. “వెల్డింగ్ శానా గట్టిది! ఇన్నేండ్లు తిరగలేదా?”

“తారురోడ్డు మీద తిరుగుతాది. గండికోట రాళ్లల్లో ఎనిమిది మందిని ఎక్కిస్తే ముందు సగం దిగిపోయి, ఎనక సగం ఇంకా రాలేదేందబ్బా అని చూస్తాంటాది.”

దీప్తి బయటికొచ్చి నిలబడింది. జుట్టు నిండా లప్పం పొడి. “వద్దు మామా. పోదాం పా.”

ఆదినారాయణ కదలలేదు. అప్పుడు బయటపడింది, ఆయన ముందురోజే ఫోన్‌లో, ఇద్దరు మనుషుల ఎదుట, ఈ జీపు తీసుకుంటున్నామని నరేష్‌కు మాట ఇచ్చేశాడని. జీపును చూడలేదు. సీటు చరిత్ర విన్నాడు, అది చాలింది.

“మాటిచ్చినా పాపా. మన ఇంట్లో మాట ఎనక్కి పోయింది లేదు. రేపు ఊర్లో ఏమనుకుంటారు?”

“తోలేది నేను మామా. చంటిపిల్లోళ్లను ఎత్తుకోని ఎక్కుతారు దాంట్లో.”

“నలుగురిలో నా తల తీస్తాండావు నువ్వు.”

“మాట నీది గదా? నువ్వే కొనుక్కో.”

కొన్నాడు. ఎవరూ నమ్మరు గానీ కొన్నాడు. గంట తర్వాత బానెట్‌కు బంతిపూల దండ, చక్రాల కింద నిమ్మకాయలు. రెండు జీపులూ కలిసి ఒకే మనిషి పరువును మోసుకుంటూ పులివెందుల దారి పట్టాయి. ఆయన దాన్ని ఎప్పటికీ తోట దారి కూడా ఎక్కించడు. ఇంటి ముందు నిలబెడతాడు, వచ్చినవాళ్లకు సీటు చూపిస్తాడు, తన మాట ఎంత గట్టిదో చెబుతాడు. వెల్డింగ్ మీద ఇంకో పూత నల్లరంగు వేయిస్తాడు.

దీప్తి షెడ్డు గోడకు ఆనుకుని ఏడ్చింది. ఆనందయ్య ఓదార్చలేదు. “ఏడిచేదానికి ఇంటికి పో పాపా. ఈడ దుమ్ము” అన్నాడు. ఆమె ముక్కు తుడుచుకుని, అంత ఏడుపులోనూ నవ్వి, ఆటో ఎక్కి వెళ్లిపోయింది.

బస్టాండులో ఆయన్ని అడిగాను, వెల్డింగ్ సంగతి ఎప్పుడు తెలిసిందని.

“పొద్దున నువ్వు రాకముందే.”

“మరి మూడు గంటలు ఎందుకు కూర్చోబెట్టావు?”

“నేను చెప్తే నా మాటొకటి, మామ మాటొకటి. ఇద్దరు ముసిలోళ్ల మధ్య ఆ పిల్ల యాడ నిలబడాల? దాని చెవితో అది వినల్ల గదా.”

జమ్మలమడుగు బస్సు వచ్చింది. నేను ప్రొద్దుటూరులోనే ఆగిపోవాలి. ఆయన మెట్టు మీద కాలు పెట్టి వెనక్కి తిరిగాడు. నన్ను కూడా ఒక పాత బండిని చూసినట్టే పైనుంచి కిందికి చూశాడు.

“ముద్దనూరు కాడ ఒక జీపుండాదంట, బోర్ల పైపులు మోసినది. పెద్దాయనలు ఎవరూ ఎక్కలేదంట, బతికిపోయింది. సోమవారం ఆ పిల్లను రమ్మను. మామను ఎంటబెట్టుకొస్తే నేను బస్సే దిగను. నువ్వు గూడా రావాకు, ఊరికే వెలుతురికి అడ్డం నిలబడతావు.”